పచ్చళ్ల దుకాణం వెబ్‌సైట్‌కి పరీక్ష: బరంపురం నుంచి ఒక కేస్ స్టడీ

ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురంలో పచ్చళ్లు, అప్పడాలు, వడియాలు అమ్మే ఒక కుటుంబ దుకాణం ఉంది. పేరు ఇక్కడ అక్కర్లేదు. యజమానులు తెలుగువాళ్లు. కొట్లో బేరాలు సగం తెలుగులో, సగం ఒడియాలో నడుస్తాయి. ఒక పక్క ఆవకాయ, మాగాయ, గోంగూర ఉంటే, ఇంకో పక్క ఒడియావాళ్లు అడిగే తియ్య మామిడి ఆచార్, బడి (వడియాలు), పాంపడ (అప్పడాలు) ఉంటాయి. కొట్టు గిరాకీకి లోటు లేదు, దిగులంతా వెబ్‌సైట్‌తోనే. ఒక ఏజెన్సీ చేత కట్టించి ఏడాది దాటింది. చూసిన ప్రతివాళ్లూ బాగుందన్నారు గానీ ఆర్డర్లు వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉన్నాయి. ఇప్పుడు అదే ఏజెన్సీ డిజైన్ పాతబడింది, మొత్తం కొత్తగా చేద్దామని కొటేషన్ ఇచ్చింది. ఆ డబ్బు పెట్టాలా వద్దా తేల్చి చెప్పమని నన్ను పిలిచారు.

నా పని సైట్లు కట్టడం కాదు. కట్టినవి వచ్చినవాళ్లకి పనికొస్తున్నాయో లేదో చూసి, ఏది ముందు బాగుచేయాలో చెప్పడం. ఈ కేసు రాయడానికి కారణం, సరిహద్దు ఊళ్లో ఒక సైట్ ఎక్కడెక్కడ తప్పుతుందో ఇందులో బాగా కనబడింది. భువనేశ్వర్‌లోనో హైదరాబాద్‌లోనో కూర్చుని చూస్తే అందులో సగం తప్పులు అసలు కనపడవు.

బాగుంది అంటే ఎవరికి?

సైట్ బాగుందా అని అడిగితే జవాబు రాదు. ఎవరికి, ఏ పని మీద వచ్చినప్పుడు అని అడిగితేనే కొలవడానికి ఏదైనా దొరుకుతుంది. అందుకని ముందు కంప్యూటర్ తెరవకుండా యజమానితో, కొడుకుతో, కోడలితో కూర్చుని మీ దగ్గర కొనేవాళ్లెవరని అడిగాను. మాటల్లో మూడు రకాలు తేలారు.

ఊళ్లోవాళ్లు ఆన్‌లైన్‌లో కొనరు. వాళ్లకి కావలసింది కొట్టు ఎన్నింటికి తెరుస్తారు, ఆదివారం ఉంటుందా, ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర రోజుల్లో మూసేస్తారా, అంతే. రెండో రకం సరిహద్దు అవతల, ఆంధ్రాలోని శ్రీకాకుళం జిల్లావాళ్లు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట మనుషులకి పెళ్లిబట్టలకైనా పెద్దాస్పత్రికైనా బరంపురమే దగ్గర. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న పాత గంజాం జిల్లా చీలిపోయి, బరంపురం అటు వెళ్లింది, ఇచ్ఛాపురం ఇటు మిగిలింది. చుట్టరికాలూ కొనుగోళ్లూ మాత్రం పాత దారిలోనే నడుస్తున్నాయి. మూడో రకం దూరాన ఉన్నవాళ్లు. సూరత్ మరమగ్గాల మీద పనిచేసే గంజాం జనం, హైదరాబాద్, బెంగళూరుల్లో ఉద్యోగాలు చేసే పిల్లలు వీళ్లలోకి వస్తారు.

ఈ మూడు గుంపుల్నీ కలిపేసి ఒకే అంకె చూపించడమే ఏజెన్సీ రిపోర్టులో మొదటి లోపం. చాలామంది కొన్ని సెకన్లలోనే వెళ్లిపోతున్నారు కాబట్టి డిజైన్ మార్చాలని అందులో రాశారు. ఊళ్లోవాడు వచ్చి, ఫోన్ నంబర్ చూసుకుని, పది సెకన్లలో వెళ్లిపోతే ఆ సైట్ పని చేసినట్టే. సోంపేట మనిషి డబ్బు కట్టే చెక్‌అవుట్ పేజీలో పది నిమిషాలు గడిపితే చెయ్యనట్టు. కొలిచేది ఒక్కటే, అర్థాలు రెండు. ఇంకో మాట. మొబైల్ డేటా మీద ఉన్నవాళ్ల ఊరిని ఎనలిటిక్స్, అంటే సైట్‌కి వచ్చినవాళ్లని లెక్కపెట్టే సాధనం, తరచూ తప్పుగా చూపిస్తుంది. బరంపురం ఫోన్ భువనేశ్వర్‌లోనో కోల్‌కతాలోనో తేలొచ్చు. కాబట్టి ఊళ్లవారీ పట్టికను నమ్మి నిర్ణయాలు తీసుకోకూడదు.

కోడలి నోట్‌బుక్

దుకాణంలో ఫోన్ ఎత్తేది కోడలే. ఆమె దగ్గర ఒక రూళ్ల పుస్తకం ఉంది. ఎవరు ఫోన్ చేశారు, ఏం అడిగారు, ఏం పంపాలి అన్నీ అందులో రాసుకుంటుంది. సగం తెలుగు, సగం ఒడియా, అంకెలు ఇంగ్లిష్‌లో. ఆ పుస్తకాన్ని చూసేసరికి నాకు సగం పని అయిపోయిందనిపించింది. సైట్ చూసి కూడా ఫోన్ చేసి అడిగిన ప్రతి ప్రశ్నా సైట్ చెప్పలేకపోయిన ఒక జవాబు.

నెలల వెనక్కి వెళ్లి ఒక్కో ప్రశ్నకీ గీతలు గీసుకుంటూ లెక్కవేశాం. అన్నిటికంటే ఎక్కువగా వచ్చింది "మా ఊరికి పంపుతారా?" దాని వెనకే "సైట్ మా పిన్‌కోడ్ తీసుకోవట్లేదు." ఆ తర్వాత నూనె ఏది, ఎన్నాళ్లు నిలవ ఉంటుంది, సీసాలో పంపుతారా కవర్లోనా, దారిలో కారితే ఎవరిది బాధ్యత. ధర గురించి అడిగినవాళ్లు దాదాపు లేరు, ఎందుకంటే ధర సైట్‌లో ఉంది. ఏజెన్సీ తయారుచేసిన హోం పేజీలో మాత్రం ఈ ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు లేదు. ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి తిరిగే స్లైడర్ ఉంది, "సంప్రదాయపు రుచి" అన్న వాక్యం ఉంది, స్టాక్ ఫోటోలోంచి తెచ్చిన ఎర్ర మిరపకాయలు ఉన్నాయి.

ఖరీదైన పరికరాలేవీ లేకుండా ఒక చిన్న వ్యాపారం తన సైట్‌ని తనే పరీక్షించుకోవాలంటే ఇంతకంటే మంచి దారి నాకు తెలీదు. ఫోన్‌లోనో వాట్సాప్‌లోనో వచ్చిన ప్రశ్నలు రాసుకుని, ఏది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టుకుంటే చాలు.

మనుషులతో పరీక్ష

ఆ తర్వాత ఒక్కో గుంపు నుంచి ఇద్దరు ముగ్గురిని ఎంచుకుని, వాళ్ల ఫోన్ వాళ్ల చేతిలోనే ఉంచి, పక్కన కూర్చున్నాను. సూరత్‌లో ఉన్నవాళ్లతో వీడియో కాల్. ఎంతమంది సరిపోతారని ఎప్పుడూ అడుగుతారు. ఐదుగురు చాలు అన్న మాట ఇలాంటి పరీక్షల నిపుణుడు యాకబ్ నీల్సన్ 2000లో రాసినదాని వల్ల ప్రచారంలోకి వచ్చింది. ఒక్కో మనిషి సగటున 31 శాతం ఇబ్బందులు బయటపెడతాడు అనుకుంటే ఐదుగురికి దాదాపు 85 శాతం బయటపడతాయన్నది ఆ లెక్క. అయితే ఆ ఐదుగురూ ఒకే రకం మనుషులైతేనే. ఇక్కడ మూడు రకాలు కాబట్టి ఒక్కో రకానికి వేరే వేరేగా చూడక తప్పలేదు.

పని ఇచ్చేటప్పుడు "ఆ బటన్ నొక్కండి" అనకూడదు. "మీ అమ్మాయి బెంగళూరులో ఉంది. ఆమెకి కేజీ ఆవకాయ, అర కేజీ మినప అప్పడాలు పంపాలి. డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లండి" అని చెప్పి నోరు మూసుకోవాలి. నోరు మూసుకోవడమే కష్టం. యజమాని కొడుకు పక్కన కూర్చున్నప్పుడల్లా "అక్కడ, అక్కడ, పైన మూడు గీతలున్నాయి చూడండి" అనేవాడు. చివరికి అతన్ని కొట్లోకి పంపించేశాం.

అందరిలోకీ నాకు బాగా గుర్తుండిపోయింది రిటైరైన ఒక టీచరమ్మ. ఇంట్లో తెలుగు, చదివిందీ చెప్పిందీ ఒడియా మీడియంలో. నాతో మాట్లాడినంతసేపూ చక్కటి తెలుగే మాట్లాడింది. సైట్ తెరవగానే తెలుగువాళ్లమే కదా అని యజమాని కొడుకు ముందే "తెలుగు" నొక్కి చేతికిచ్చాడు. ఆమె కళ్లజోడు సర్దుకుని కాసేపు చూసింది. వేలు పైకీ కిందికీ తిప్పింది.

"ఏటి బాబూ ఇది, నాకు తెలుగు మాటాడ్డమే గానీ చదవడం రాదు కదా. ఒడియా ఉంటే పెట్టు."

"ఒడియా లేదమ్మా, ఇంగ్లిష్ ఉంది."

"అయితే బొమ్మలు చూసి కొనుక్కుంటాను లే" అంది. కానీ బొమ్మలు చూసి కొనడానికి వీల్లేదు. మామిడి పచ్చళ్లు నాలుగు రకాలకీ దాదాపు ఒకే ఫోటో. ఆవకాయకీ తియ్య ఆచార్‌కీ తేడా పేరులో మాత్రమే ఉంది, ఆ పేరు ఆమె చదవలేని లిపిలో ఉంది. తియ్యది అనుకుని బెల్లం ఆవకాయ కార్ట్‌లో వేసింది.

ఇది ఆమె ఒక్కతెదే కాదు. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ వైపు తెలుగు కుటుంబాల్లో ఇది మామూలే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఆఫీసులో ఇంగ్లిష్. మహారాష్ట్ర సరిహద్దులో గడ్చిరోలి జిల్లా సిరోంచా వైపు వెళ్తే ఒడియా స్థానంలో మరాఠీ ఉంటుంది, అంతే తేడా. మన తెలుగువాళ్ల కోసం తెలుగు పేజీ పెట్టామని దుకాణంవాళ్లు గర్వంగా చెప్పారు. ఆ పేజీ చదవగలిగింది ఇచ్ఛాపురం నుంచి అవతలివాళ్లు. బరంపురం తెలుగువాళ్లలో చాలామందికి కావలసింది ఒడియా పేజీ. అది అసలు లేదు. మాట్లాడే భాషని బట్టి కాకుండా చదివే లిపిని బట్టి పేజీలు పెట్టాలన్నది మా రిపోర్టులో మొదటి సిఫారసు అయింది.

సూరత్ కుర్రాడి ఇబ్బంది ఇంకోటి. షిఫ్ట్ దిగి వచ్చి, చిన్న స్క్రీన్ ఫోన్‌లో చూస్తున్నాడు. వస్తువు ఎంచుకోవడం చకచకా అయిపోయింది. చెక్‌అవుట్‌లో ఈమెయిల్ తప్పనిసరి అంది. ఫోన్ కొన్నప్పుడు షాపువాడు పెట్టిన ఈమెయిల్ ఏదో ఉంది, అది అతనికి గుర్తు లేదు. "నంబర్ ఇస్తాను కదా అన్నా, ఇంకేటి కావాలి?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. కొరియర్‌వాడికి కావలసింది ఫోన్ నంబరే. ఈమెయిల్ ఎందుకు అడిగారని ఏజెన్సీని అడిగితే ఫారంలో ముందే ఉందన్నారు.

ఒడిశా అని ముందే రాసి ఉన్న గడి

కంచిలి నుంచి వచ్చిన ఒకాయన చేతిలో అసలు జబ్బు దొరికింది. ఆయన తెలుగు చదవగలడు, ఫోన్ బాగా వాడతాడు, యూపీఐ కొట్టడం చిటికెలో పని. అన్నీ నింపి, పిన్‌కోడ్ 532తో మొదలయ్యేది రాశాడు. ఎర్ర అక్షరాల్లో ఇంగ్లిష్ వాక్యం ఒకటి వచ్చింది. పిన్‌కోడ్ చెల్లదు అని దాని అర్థం. ఆయన మళ్లీ రాశాడు. అదే వాక్యం. ఊరు పేరు మార్చి చూశాడు. మండలం పేరు రాశాడు. ఇంకోసారి పిన్ చూసుకోవడానికి జేబులోంచి ఆధార్ కార్డు తీశాడు. కార్డులో ఉన్నదీ ఫారంలో రాసిందీ ఒకటే.

పిన్ తప్పు కాదు. దాని పైన ఉన్న రాష్ట్రం గడిలో "ఒడిశా" అని ముందే నిండి ఉంది. దుకాణం ఒడిశాలో ఉంది కాబట్టి సైట్ కట్టడానికి వాడిన థీమ్, అంటే రెడీమేడ్ అచ్చు, అలా నింపేసింది. 532 శ్రీకాకుళం వైపు పిన్, బరంపురంవి 760తో మొదలవుతాయి. రాష్ట్రానికీ పిన్‌కీ పొత్తు కుదరక సైట్ తిప్పికొట్టింది. తప్పు ఎక్కడుందో మాత్రం చెప్పలేదు. ఆ గడి ఫోన్‌లో పైకి జరిగిపోయి కనబడదు కూడా. కోడలి పుస్తకంలో "పిన్ తీసుకోవట్లేదు" అన్న కాల్స్ ఎక్కడివో వెనక్కి చూస్తే చాలావరకు సరిహద్దు అవతలివే.

రాష్ట్రం మార్చి ముందుకెళ్తే రెండో దెబ్బ తగిలింది. డెలివరీ చార్జీలు రాష్ట్రాల వారీగా పెట్టారు. ఒడిశా అంతా ఒక రేటు, బయట రాష్ట్రాలన్నీ ఇంకో రేటు. దాంతో 170 కిలోమీటర్ల దూరంలోని భువనేశ్వర్‌కి తక్కువ, పాతిక కిలోమీటర్ల ఇచ్ఛాపురానికి ఎక్కువ పడుతోంది. ఆ చార్జీ కూడా చివరి పేజీలోనే కనబడుతుంది. కంచిలి ఆయన ఫోన్ పక్కన పెట్టేసి, "దీనికంటే బస్సెక్కి వచ్చి కొనుక్కుంటే చవక" అన్నాడు. యజమానికి ఈ పట్టిక గురించి తెలీదు. సరుకు ఇచ్ఛాపురం వైపు ఆటోలో పంపే ఏర్పాటు ఆయనకి ఎప్పటినుంచో ఉంది. సైట్‌కే ఆ సంగతి తెలీదు.

నీల్సన్, రోల్ఫ్ మోలిచ్ కలిసి 1990లో మొదలుపెట్టి, 1994లో పదిగా స్థిరపడ్డ వాడుక సూత్రాల జాబితా ఒకటి మా పనిలో అందరూ వాడతారు. తప్పు జరగకుండా ముందే చూడు, జరిగితే అర్థమయ్యే మాటల్లో చెప్పు అన్నవి అందులో ఉన్నాయి. ఆ జాబితా పట్టుకుని ఆఫీసులో కూర్చుని సైట్‌ని చూసినా ఇంగ్లిష్ ఎర్రర్ మెసేజ్ దొరికేది. ఇచ్ఛాపురానికి భువనేశ్వర్ కంటే ఎక్కువ చార్జీ అన్నది మాత్రం దొరికేది కాదు. దానికి కంచిలి మనిషే కావాలి.

తెగిపోయిన ఒత్తులు

తెలుగు పేజీ చదవగలిగినవాళ్లకీ అది సుఖంగా లేదు. డిజైన్ ఇంగ్లిష్ అక్షరాలకి కొలిచి కట్టింది. వరస వరసకీ మధ్య ఖాళీ తక్కువ, వస్తువు పేరుండే గడి ఎత్తు ఇంతే అని బిగించేశారు. ఇంగ్లిష్‌కి అది చాలు. తెలుగులో ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. గడి దాటిన భాగాన్ని బ్రౌజర్ కోసేసింది. "అల్లం పచ్చడి" కాస్తా "అలం పచడి"గా, "కొత్తిమీర" "కొతిమీర"గా కనబడ్డాయి. వరస ఎత్తుని అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లకి పైగా పెంచి, గడి ఎత్తుని వదిలేస్తే సరిపోయే పని.

"మా గురించి" పేజీలో ఇంకో రకం. దుకాణం చరిత్ర అంతా ఎప్పుడో కరపత్రం కోసం డీటీపీలో అను ఫాంట్లలో కొట్టించింది. అది అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ కాదు కాబట్టి కాపీ చేసి అతికిస్తే పిచ్చి గుర్తులుగా వస్తుంది. ఏజెన్సీవాళ్లు ఉపాయంగా దాన్ని బొమ్మ చేసి పెట్టేశారు. కంటికి బాగానే ఉంది. కానీ ఫోన్‌లో పెద్దది చేస్తే మసకబారుతుంది, గూగుల్ వెతకలేదు, చూపు లేనివాళ్లకి ఫోన్ చదివి వినిపించలేదు. ఒడియాలో ఆకృతి ఫాంట్లతోనూ ఇదే కథ నడుస్తుంది, కొత్తగా ఒడియా పేజీ కట్టేటప్పుడు డీటీపీ ఫైల్ తెచ్చుకోవద్దని ముందే చెప్పాం. పేజీ ఏ భాషలో ఉందో కోడ్‌లో చెప్పడం కూడా మరిచారు. తెలుగు పేజీలు కూడా ఇంగ్లిష్ అనే రాసి ఉన్నాయి. వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉండాలని చెప్పే డబ్ల్యూకాగ్ ప్రమాణాల్లో అది అట్టడుగు మెట్టు, 'A' స్థాయి నియమం.

అవే ప్రమాణాల ప్రకారం మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకీ మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలి, పెద్ద అక్షరాలకి 3:1. ఇక్కడ "కొనండి" బటన్ పసుపు రంగు మీద తెల్ల అక్షరాలు. కొలిస్తే రెండుకి ఒకటి కూడా రాలేదు. ఎండలో బజారులో నిలబడి చూస్తే బటన్ మీద ఏమీ రాసిలేనట్టే ఉంటుంది. అక్షరాల రంగు ముదురు గోధుమ చేస్తే సరి. పసుపు, కారం రంగులు మా గుర్తు అని యజమాని అన్నారు. వాటిని తీయమని మేమూ అనలేదు.

వెతికే గడి మాట ఒక్కటి చెప్పి ముందుకెళ్తాను. ఏమీ దొరకని వెతుకులాటల పట్టిక తీయించాం. ఆవకాయని ఇంగ్లిష్ అక్షరాల్లో జనం ఎన్ని రకాలుగా రాయగలరో అన్నీ అందులో ఉన్నాయి, అప్పడం, పాపడ్, పాంపడ కూడా. సైట్‌లో ఉన్న పేరు మాత్రం "ఆంధ్రా స్టైల్ మ్యాంగో పికిల్" అనే ఇంగ్లిష్ మాట ఒక్కటే. జనం రాసిన ఆ మాటలన్నిటినీ వస్తువు వెనక మారుపేర్లుగా చేర్చమన్నాం.

వేగం

వేగం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. గూగుల్ పెట్టిన గీటురాళ్లు అందరికీ తెలిసినవే. పేజీలోని పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనబడాలి, నొక్కినదానికి 200 మిల్లీసెకన్లలోపు స్పందన రావాలి, పేజీ తెరుచుకునేటప్పుడు ఎంత అటూ ఇటూ జరుగుతుందో చెప్పే కుదుపు స్కోరు 0.1 దాటకూడదు. ఆ రెండోది 2024 మార్చిలో పాత కొలత స్థానంలో వచ్చింది. అసలు వాడకందారుల నుంచి పోగైన లెక్కలు ఇంత చిన్న సైట్‌కి గూగుల్ దగ్గర ఉండవు. వేగం కొలిచే గూగుల్ సాధనం లైట్‌హౌస్ పరీక్షలో వచ్చేది ఊహాజనితమైన ఫోన్ మీద ఊహాజనితమైన నెట్ మీద వచ్చిన అంకె. అయినా ఇక్కడ అనుమానానికి తావు లేదు. సైజు తగ్గించకుండా ఉన్నవి ఉన్నట్టే పెట్టిన ఫోటోలు ఐదు ఏకంగా స్లైడర్‌లో తిరుగుతున్నాయి. ఫోటోలు కుదించి స్లైడర్ తీసేయమన్నాం. యజమాని ఫోటోలకి ఒప్పుకున్నారు గానీ స్లైడర్‌కి ఒప్పుకోలేదు. అందులో ఒకటి వాళ్ల నాన్నగారు కొట్టు ముందు నిలబడ్డ ఫోటో. చివరికి స్లైడర్ పోయి ఆ ఫోటో ఒక్కటే కదలకుండా మిగిలింది. నిజానికి పేజీ మొత్తం మీద స్టాక్ ఫోటో కానిది అదొక్కటే, నా ఉద్దేశంలో నమ్మకం కలిగించేదీ అదే.

"2 మాత్రమే మిగిలాయి"

ప్రతి వస్తువు కింద "2 మాత్రమే మిగిలాయి, 14 నిమిషాల్లో ఆఫర్ అయిపోతుంది" అని గడియారం తిరుగుతోంది. కొట్లో జాడీలు నిండుగా ఉన్నాయి. పేజీ మళ్లీ తెరిస్తే గడియారం మళ్లీ మొదటికొస్తుంది. ఇది మేం పెట్టింది కాదండీ అన్నారు యజమాని, నిజంగానే ఆశ్చర్యపోయి. థీమ్‌తో వచ్చింది, ఎవరూ ఆపలేదు.

ఇది డిజైన్ అభిరుచికి సంబంధించిన విషయం కాదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్‌ల మీద మార్గదర్శకాలు తెచ్చింది. అందులో 13 రకాల మోసపు డిజైన్లు చెప్పారు, లేని తొందర పుట్టించడం వాటిలో ఒకటి. చెక్‌అవుట్‌లో గిఫ్ట్ ప్యాకింగ్‌కి ముందే టిక్ పెట్టి ఉంది, అడగకుండా బుట్టలో వస్తువు చేర్చడం ఇంకొకటి. కొనేవాడి సమ్మతిని ముందే పెట్టిన టిక్‌తో తీసుకోకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నియమాల్లోనూ ఉంది. ఆ నియమాల ప్రకారమే ఫిర్యాదులు తీసుకునే అధికారి పేరు, వివరాలు సైట్‌లో కనబడాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఈ సైట్‌లో ఆ పేజీయే లేదు. ప్యాకెట్ మీద ఉండే, ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబర్, నికర బరువు, ఎప్పటిలోగా వాడాలన్నది సైట్ మీద ఎక్కడా లేవు. కోడలి పుస్తకంలో "ఎన్నాళ్లు నిలవ ఉంటుంది" అన్న ప్రశ్న ఎందుకు అన్నిసార్లు వచ్చిందో ఇక్కడ తెలిసింది. చట్టం అడిగేదీ కొనేవాడు అడిగేదీ చాలాసార్లు ఒకటే అవుతుంది.

చిన్న దుకాణాలకి ఈ నియమాల గురించి ఎవరూ చెప్పరు. సైట్ కట్టేవాళ్లు చెప్పాలి, వాళ్లు చెప్పరు. అందుకే పరీక్ష పెట్టేటప్పుడు నేను దీన్ని కూడా చూస్తాను, నన్ను అడిగినా అడక్కపోయినా.

ఏం చేశారు, ఏం మారింది

రిపోర్టులో ప్రతి లోపానికీ తీవ్రత రాశాం, సున్నా నుంచి నాలుగు దాకా, నాలుగంటే అన్నిటికంటే పెద్దది. రాష్ట్రం గడి, చార్జీల పట్టిక, దొంగ గడియారం, ఒడియా పేజీ లేకపోవడం, వీటి తీవ్రత నాలుగు. ఒత్తులు తెగడం, ఈమెయిల్, బటన్ రంగు మూడు. స్లైడర్ ఒకటి. సిస్టమ్ యూజబిలిటీ స్కేల్ అని జాన్ బ్రూక్ 1986లో తయారుచేసిన పది ప్రశ్నల పద్ధతి ఉంది, సగటు 68 అంటారు. స్కోరు ఎంతని ఏజెన్సీ అడిగింది. ఇంత కొద్దిమందితో, ప్రశ్నలు నోటితో తెలుగులోకీ ఒడియాలోకీ మార్చి అడిగి ఒక అంకె చెబితే అది చూడ్డానికి శాస్త్రీయంగా ఉంటుంది తప్ప పనికిరాదు. ఇవ్వలేదు.

కొత్త డిజైన్ అక్కర్లేదన్నాం. ఊళ్లోనే ఉన్న ఒక ఫ్రీలాన్స్ కుర్రాడు కొటేషన్‌లో చిన్న భాగంతో ఇవన్నీ చేశాడు. పిన్‌కోడ్ ఇప్పుడు వస్తువు పేజీలోనే అడుగుతుంది. పిన్ రాస్తే రాష్ట్రం అదే నిండుతుంది, పంపుతారో లేదో, ఎంతవుతుందో అక్కడే చెబుతుంది. ఇచ్ఛాపురం, సోంపేట వైపు పిన్‌లకి ఆటో రేటు వేరే పెట్టారు. వస్తువు పేరు తెలుగు, ఒడియా, ఇంగ్లిష్ లిపులు మూడింటిలోనూ ఒకదాని కింద ఒకటి ఉంటుంది, ఏ పేజీలో ఉన్నా సరే. కారమా తియ్యనా అన్నది రంగు చుక్కతోపాటు మాటలో కూడా. టీచరమ్మ ఒడియా పేజీలో తియ్య ఆచార్‌ని ఈసారి తడుముకోకుండా పట్టుకుంది. పట్టుకుని, ధర ఎక్కువ అంది.

ఫలితం కొలవడానికి మళ్లీ నోట్‌బుక్కే వాడాం. పిన్‌కోడ్ గురించిన కాల్స్ దాదాపు ఆగాయి. ఎన్నాళ్లు నిలవ ఉంటుందన్న ప్రశ్న బాగా తగ్గింది. సరిహద్దు అవతల నుంచి సైట్ మీద ఆర్డర్లు రావడం మొదలైంది. సూరత్‌వాళ్లు మాత్రం సైట్‌లో కొనడం లేదు. ఈమెయిల్ తీసేసినా సరే, సైట్ చూసి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడుతున్నారు. "రెండు కేజీల ఆవకాయ, పాంపడ ఒక కేజీ, పాత అడ్రసే." దీన్ని ఓటమి అనుకోవాలా అని యజమాని కొడుకు అడిగాడు. అక్కర్లేదు. వస్తువు పేజీలో ఉన్న వాట్సాప్ లింక్‌లోనే వస్తువు పేరు ముందే రాసి ఉండేలా చేయించాం. దాంతో ఏ మెసేజ్ సైట్ నుంచి మొదలైందో తెలుస్తుంది. ఆ ఆర్డర్లని సైట్ ఖాతాలోనే వేస్తున్నాం.

తగ్గని ప్రశ్న ఒకటుంది. "ముక్క గట్టిగానే ఉందా?" ఆవకాయ కొనేవాళ్లు ఇది అడక్కుండా ఉండరు. కోడలు ఫోన్‌లోనే జాడీలోంచి ముక్క తీసి, విరిచి, ఆ చప్పుడు వినిపిస్తూ వీడియో తీసి పంపిస్తుంది. ఆ వీడియో సైట్‌లో పెడదాం అన్నాను. యజమాని వద్దన్నారు, జాడీ జాడీకీ కాయ మారుతుంది, పాత జాడీ వీడియో చూపించి కొత్త జాడీది పంపితే అది కూడా మోసమే కదా అని. ఆయన చెప్పింది సబబే. దాని బదులు ప్రతి పచ్చడి పేజీలో కలిపిన నెల రాస్తున్నారు.

కొత్త ఆవకాయ వచ్చే మే నెలకి మళ్లీ పరీక్ష పెట్టాలి, అవే పనులు, వేరే మనుషులు. ఈసారి పర్లాకిమిడి, గుణుపూర్ వైపు వాళ్లని కూడా కూర్చోబెట్టాలనుకుంటున్నాం. వాళ్లు ఒడిశాలోనే ఉన్నారు కాబట్టి రాష్ట్రం గడి సమస్య రాదు. కానీ 761, 765తో మొదలయ్యే ఆ పిన్‌లకి కొరియర్ నిజంగా ఏ దారిలో వెళ్తుందో, పట్టికలో రాసినన్ని రోజుల్లో చేరుతుందో ఇంకా ఎవరూ చూడలేదు.